ఓడ తాళ్లకు పటమెక్కడ? - విశాఖ రేవులో 'సెంచూరియన్', మన ఓడల మాటలు

పావగడ తాలూకా నుంచి తూర్పు సముద్రం ఎంత దూరమో పడమటి సముద్రమూ దాదాపు అంతే దూరం. సూటిగా కొలిస్తే ఎటైనా సుమారు 300 కిలోమీటర్లు. గుట్టలు, వేరుశనగ చేలు, వానకోసం ఎదురుచూసే చెరువులు గల ఈ మెట్టసీమ తెలుగువారికి తెరచాపల యుద్ధనౌకతో ఏమి పని అని ఎవరికైనా అనిపించవచ్చు. కాని ఈ సీమ ఒకనాడు టిప్పు సుల్తాను మైసూరు రాజ్యంలోనిది. సముద్రానికి దూరంగా శ్రీరంగపట్టణంలో కూర్చున్న ఆ పాలకుడే 1796లో నౌకాదళ మండలిని ఏర్పరచి, పడమటి తీరంలో యుద్ధనౌకలు కట్టించడానికి పూనుకున్నాడు. 1799లో అతని పతనంతో ఆ ప్రయత్నం ఆగిపోయింది. కనుక సముద్రచరిత్ర తీరవాసులది మాత్రమే అనుకోవడానికి వీలులేదు.

తెలుగు తీరంలో జరిగిన ఒక ప్రసిద్ధ నౌకాయుద్ధాన్ని ఉదాహరణగా తీసుకొని, ఆనాటి ఓడకు చిన్న ప్రతిరూపం చేయదలచినవారికి తాళ్లు, స్తంభాలు, చాపల అమరిక వివరాలు ఎక్కడ దొరుకుతాయో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఈ అమరికనే ఇంగ్లీషు నావికులు రిగ్గింగ్ అంటారు. మన పత్రికల వల్ల ఆ మాట వినగానే ఎన్నికలు గుర్తుకు రావడం సహజమే కాని, ఇక్కడ దాని అర్థం వేరు.

1804 సెప్టెంబరు 15న విశాఖపట్నం రేవులో బ్రిటిషు యుద్ధనౌక 'సెంచూరియన్' లంగరు వేసి ఉన్నది. దాని రక్షణలో 'బార్నబీ', 'ప్రిన్సెస్ షార్లెట్' అనే రెండు వర్తక నౌకలున్నవి. ఫ్రెంచి నౌకాధిపతి లినోయిస్ 'మారెంగో', 'అటలాంట్', 'సెమియాంట్' అనే మూడు యుద్ధనౌకలతో వచ్చి దాడిచేశాడు. 'సెంచూరియన్' అధిపతి జేమ్స్ లిండ్ అప్పటికి ఒడ్డున ఉండి, పోరు మొదలైన తరువాత పడవలో ఓడకు చేరుకున్నాడు. 'బార్నబీ' ఒడ్డుకు కొట్టుకుపోయి పగిలింది. 'ప్రిన్సెస్ షార్లెట్' ఫ్రెంచివారి వశమైంది. లంగరు మోకు తెగి, స్తంభాలు, తాళ్లు దెబ్బతిన్నా 'సెంచూరియన్' లొంగలేదు. చివరకు లినోయిస్ వెనుదిరిగాడు.

ఈ ఓడ ప్రతిరూపానికి పటాలు వెదికేవారికి మొదటి చిక్కు పేరుతోనే వస్తుంది. 'సెంచూరియన్' పేరుగల ఓడలు ఒకటికి మించి ఉన్నవి. అన్నిటిలో పేరు పొందినది 1732లో జలప్రవేశం చేసి, 1740-44 మధ్య ఆన్సన్ నాయకత్వాన భూమిని చుట్టివచ్చిన 60 ఫిరంగుల ఓడ. విశాఖలో పోరాడినది అది కాదు, 1774లో జలప్రవేశం చేసిన 50 ఫిరంగుల ఓడ. మొదటిదాని పటాలతో రెండవదాన్ని అలంకరిస్తే డెబ్బై ఏళ్ల తేడా ఒక్క చాపలోనే బయటపడుతుంది. 1730ల నాటి ఓడల్లో వెనుక స్తంభానికి పొడవైన ఏటవాలు దూలం ఉండి, దానికి చాప వేలాడేది. 1804 నాటికి ఆ దూలం పోయి, స్తంభం వెనుకవైపు మాత్రమే ఉండే పొట్టి దూలం వచ్చింది.

రెండవ చిక్కు ఇంకా పెద్దది. బ్రిటిషు నౌకాశాఖవారి పాత ఓడల పటాలు గ్రీనిచ్‌లోని జాతీయ సముద్రయాన మ్యూజియంలో భద్రంగా ఉన్నవి. సాధారణంగా అవి అడుగుకు పావు అంగుళం, అంటే 48లో ఒకటో వంతు కొలతలో గీసినవి. అయితే వాటిలో కనిపించేది ఓడ ఒడలు మాత్రమే. పక్కనుంచి, పైనుంచి, ఎదురుగా చూసిన ఆకారాలుంటాయి. తాళ్ల పటం సామాన్యంగా ఉండదు. కారణం అవి పోవడం కాదు, ఆనాడు వాటి అవసరమే లేకపోవడం. ఏ తరగతి ఓడకు ఎంత స్తంభం, ఎంత లావు తాడు అన్నది లెక్కల పట్టికల్లో, పనివాళ్ల చేతుల్లో ఉండేది.

ఆ లెక్కలు అదృష్టవశాత్తు అచ్చయినవి. డేవిడ్ స్టీల్ 1794లో ప్రకటించిన గ్రంథం వీటికి ముఖ్యాధారం. 1979లో జేమ్స్ లీస్ వెలువరించిన గ్రంథం 1625 నుంచి 1860 వరకు జరిగిన మార్పులను ఒకచోట చేర్చింది. స్టీల్ సూత్రం ప్రకారం కింది ఫిరంగుల అంతస్తు పొడవును, ఓడ వెడల్పును కూడి సగం చేస్తే నడిమి స్తంభం పొడవు వస్తుంది. 'సెంచూరియన్' పొడవు సుమారు 146 అడుగులు, వెడల్పు సుమారు 40 అడుగులు. కాబట్టి నడిమి స్తంభం 93 అడుగులు. ముందు స్తంభం అందులో తొమ్మిదింట ఎనిమిది వంతులు, అంటే సుమారు 83 అడుగులు. 48లో ఒకటో వంతు ప్రతిరూపంలో నడిమి స్తంభం 59 సెంటీమీటర్లవుతుంది. పటం లేకున్నా పద్దు దొరికితే చాలునని ఇందువల్ల స్పష్టమవుతున్నది.

తాళ్లు రెండు విధాలు. స్తంభాలను కదలకుండా నిలబెట్టేవి తారు పట్టి నల్లగా ఉంటాయి. చాపలను ఎత్తి దించి తిప్పేవి గిలకల మీదుగా నడుస్తూ లేతరంగులో ఉంటాయి. ఈ తేడా మెట్టరైతుకు కొత్తది కాదు. కపిల తోలిన కాలంలో బావి గట్టున మోకు, గిలక చేసిన పనే ఓడ మీదా జరిగేది. చేంతాడు, మోకు, పగ్గం, పలుపు, తలుగు అని తాటి తాటికీ దాని పనిని బట్టి పేరుపెట్టిన భాష మనది. ఓడలోనూ ఏ తాడుకూ ఉత్త 'తాడు' అన్న పేరు చెల్లదు.

ఇక్కడే అసలు ప్రశ్న ఎదురవుతున్నది. తెలుగు గడ్డమీద పోరాడిన పరాయి ఓడకు లెక్కలు దొరుకుతున్నవి. మరి తెలుగువారి ఓడల సంగతి ఏమిటి? శాతవాహన రాజులు పులుమావి, యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేలపై రెండు స్తంభాల ఓడ బొమ్మ ఉన్నది. అది వేలిగోరంత చిత్రం. దాన్ని బట్టి తాళ్లు కట్టలేము. కోరంగి ఒకప్పుడు ఓడల నిర్మాణానికి పేరుపొందిన రేవు. 1839 తుపాను దాన్ని దారుణంగా దెబ్బతీసింది. మన వడ్రంగులు పటాలు గీసుకోలేదు. వారి లెక్క కంటిలో, చేతిలో, నోటిలో ఉండేది.

మిగిలిన పటాలు ఇతరులు గీసినవి. ట్రింకోమలీలో ఓడల పనివారిపై అధికారిగా ఉన్న జాన్ ఎడై కోరమాండల్, మలబారు, సింహళ తీరాల దేశీయ నౌకలను వర్ణించి 1834లో లండన్ రాయల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో ప్రకటించాడు. ఫ్రెంచి నౌకాధికారి ఎడ్మండ్ పారిస్ 1840ల మొదట్లో వెలువరించిన బృహద్గ్రంథంలో మన తీరపు నావల కొలతలతో కూడిన పటాలున్నవి. ఆయన 1871లో పారిస్ నగరంలోని నౌకా మ్యూజియంకు అధ్యక్షుడై ఇటువంటి నావలకు ప్రతిరూపాలు కూడా చేయించాడు. ఆ విధంగా మన నావల రూపురేఖలు ఫ్రాన్సులో నిలిచినవి.

అయితే వారు కొలిచినది కొయ్యను, తాడును. వాటి తెలుగు పేర్లను సేకరించడం మన పని. తెరచాప అన్న మాటలోనే చాప ఉన్నది. బట్టకు ముందు అల్లిన చాపలే గాలిని పట్టిన కాలాన్ని అది సూచిస్తున్నది. లంగరు, సరంగు పారసీకం నుంచి, చుక్కాని అరబ్బీ నుంచి వచ్చినవి, రేవు మనది. ఒక్క ఓడలో ఇన్ని దేశాల మాటలు కలిసి ప్రయాణించినవి. ఇంజను పడవలు వచ్చిన తరువాత తెరచాపతో పాటు దాని తాళ్ల పేర్లూ మరుగున పడుతున్నవి.

1774 నాటి 'సెంచూరియన్' 1824లో హాలిఫాక్స్ రేవులో కట్టుతాళ్ల మీదనే మునిగిపోగా, పైకితీసి మరుసటి ఏడు విడగొట్టారు. అయినా లెక్క మిగిలింది గనుక దాన్ని తిరిగి నిలబెట్టవచ్చు. తీరపు పల్లెల్లో తెరచాప ఎత్తిన పెద్దలు ఇంకా ఉన్నారు. ఒక్కొక్క తాటి పేరూ, పనీ వారినుంచి రాసుకొని, పారిస్ పటాలతో పోల్చి చూస్తే కోరంగి ఓడకూ అటువంటి లెక్క సమకూరుతుంది. మన విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు, చరిత్ర శాఖలు కలిసి చేపట్టదగిన పని ఇది. మెట్టసీమ కపిల మాటలకూ ఇదే వర్తిస్తుంది. బోరుబావులు వచ్చాక అవి కూడా అదే దారిన పోతున్నవి.