శంషాబాద్ విమానాశ్రయంలో భద్రతా తనిఖీ: బాధ్యతలు, నిబంధనలు

హైదరాబాద్: 1999 డిసెంబరులో ఐసీ-814 విమానం హైజాక్‌కు గురైన అనంతరం, దేశంలోని విమానాశ్రయాల భద్రతను రాష్ట్ర పోలీసుల నుంచి కేంద్ర పారిశ్రామిక భద్రతా దళానికి (సి.ఐ.ఎస్.ఎఫ్.) దశలవారీగా అప్పగించడం జరిగింది. 2000 ఫిబ్రవరిలో జైపూర్‌తో ఇది మొదలైంది. 2008 మార్చి 23న కార్యకలాపాలు ప్రారంభించిన శంషాబాద్‌లోని రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయంలోనూ ఇదే ఏర్పాటు అమలులో ఉంది.

నిబంధనలు రూపొందించేది పౌర విమానయాన భద్రతా బ్యూరో. ప్రయాణికులను, వారి చేతి సంచులను తనిఖీ చేసేది సి.ఐ.ఎస్.ఎఫ్. వార్తలలో ఈ రెండింటినీ కలిపి "ఎయిర్‌పోర్టు పోలీసులు" అని పేర్కొనడం సరికాదు.

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ వంటి ప్రాంతాల నుంచి విదేశాలలోని పిల్లల వద్దకు వెళ్లే తల్లిదండ్రులు కొన్ని విషయాలు ముందుగా గమనించవలసి ఉంటుంది. అంతర్జాతీయ ప్రయాణాలలో చేతి సంచిలోని ద్రవపదార్థాల సీసా ఒక్కొక్కటి 100 మిల్లీలీటర్లకు మించరాదు. ప్రయాణంలో అవసరమైన మందులకు, పసిపిల్లల ఆహారానికి మినహాయింపు ఉన్నది. మందుల చీటీ వెంట ఉంచుకోవడం మేలు. ఆవకాయ జాడీని చేతి సంచిలో అనుమతించరు. పవర్ బ్యాంకు విషయం ఇందుకు పూర్తిగా భిన్నం: దానిని చేతి సంచిలోనే ఉంచుకోవాలి. చెక్-ఇన్ సామానులో కనబడితే ఆ పెట్టెను నిలిపివేసి, యజమానిని పిలిపించి తెరిపిస్తారు. విమానం బయలుదేరే వేళ ఇది వృద్ధులకు పెద్ద ఇబ్బందే.

2017 ఏప్రిల్ 1 నుంచి శంషాబాద్‌తో సహా ఏడు విమానాశ్రయాలలో దేశీయ ప్రయాణికుల చేతి సంచి ట్యాగుపై ముద్ర వేసే పద్ధతిని తొలగించారు. తనిఖీ మాత్రం యథాతథంగా కొనసాగుతున్నది.