ఆర్ట్స్ ఫెస్టివల్‌లో పెద్దల వర్క్‌షాపులు: వెళ్ళేముందు తెలుసుకోవాల్సినవి

ఊళ్ళో ఆర్ట్స్ ఫెస్టివల్ అంటే మన కుటుంబాల్లో కనిపించే దృశ్యం ఒకటే. పిల్లలు ఫేస్ పెయింటింగ్ లైన్లో, అమ్మలు పక్కన నీళ్ళ సీసాలు, జాకెట్లు పట్టుకుని. అమెరికాలో చాలా ఊళ్ళలో స్థానిక ఆర్ట్స్ కౌన్సిలో, పార్కుల విభాగమో, లైబ్రరీయో నడిపే ఈ ఉత్సవాల్లో పెద్దలు చేత్తో చేసి నేర్చుకునే వర్క్‌షాపులు విడిగా ఉంటాయని ఇక్కడికి వచ్చిన ఆరేళ్ళకు గానీ నాకు తెలియలేదు. షెడ్యూలులో 'అడల్ట్స్' అనో '18 ప్లస్' అనో రాసి ఉన్నవి వెతకండి. కొన్ని ఉచితం, కొన్నిటికి మెటీరియల్స్ ఫీజు ఉంటుంది. సీట్లు తక్కువ కాబట్టి ముందే రిజిస్టర్ చేసుకోవాలి. ఉచితమైనవే ముందు నిండిపోతాయి.

మొదటిసారి వెళ్ళేవాళ్ళకు నేను చెప్పేది సైనోటైప్. బొమ్మలు వేయడం అస్సలు రాకపోయినా ఫరవాలేదు. 1842లో జాన్ హెర్షెల్ అనే శాస్త్రవేత్త కనిపెట్టిన ఫొటో పద్ధతి ఇది. మరుసటి ఏడాదే అన్నా అట్కిన్స్ అనే ఆవిడ సముద్రపు నాచు మొక్కల అచ్చులు ఇలాగే తీసి పుస్తకంగా తేవడం మొదలుపెట్టింది. ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్, పొటాషియం ఫెర్రిసైనైడ్ కలిపిన ద్రావణాన్ని కాగితానికి పూసి చీకట్లో ఆరబెడతారు. దాని మీద ఆకులో, లేసు ముక్కో పెట్టి ఎండలో ఉంచితే, ఎండలోని అతినీల లోహిత కిరణాలు ఫెర్రిక్ ఇనుమును ఫెర్రస్‌గా మారుస్తాయి. అది ఫెర్రిసైనైడ్‌తో కలిసి ప్రష్యన్ బ్లూ అవుతుంది. ఆకు నీడ పడ్డచోట మార్పు జరగదు కాబట్టి, నీళ్ళలో కడిగితే అక్కడ తెల్లగా తేలుతుంది. బీఎస్సీ ల్యాబులో సాల్ట్ అనాలిసిస్ చేసినవాళ్ళకు ఈ నీలం గుర్తుండే ఉంటుంది, ఇనుముకు చేసే టెస్టులో వచ్చేది ఇదే. పెళ్ళై వచ్చేశాక ఆ సీసా మళ్ళీ నా చేతికి వచ్చింది ఒక పార్కులో, టెంటు కింద!

పేరులో 'సైనైడ్' ఉందని కంగారు పడకండి. ఇందులో అది ఇనుముతో గట్టిగా బంధించి ఉంటుంది, మామూలు వాడకంలో విడిపోదు. కాకపోతే ఘాటైన యాసిడ్లు కలపకూడదు, వంటగిన్నెల్లో కలుపుకోకూడదు, గ్లవ్స్ వేసుకోవాలి. మంచి ఎండలో పది నిమిషాల్లో తేలిపోతుంది, మబ్బు పడితే చాలాసేపు ఆగాలి. బట్ట మీద వేయించుకుంటే బ్లీచ్, సోడా తగలనివ్వకండి, క్షారానికి ఆ నీలం వెలిసిపోతుంది.

మట్టి పని సంగతి వేరు. ఆ రోజే బొమ్మ చేతికి రాదు. ఆరాలి, బట్టీలో ఒకసారి కాల్చాలి, గ్లేజు పూసి మళ్ళీ కాల్చాలి. స్టోన్‌వేర్ అయితే రెండోసారి 1200 డిగ్రీల సెల్సియస్ దాకా వెళ్తుంది. వారాలు పడుతుంది. ఒకసారి నేను చేసిన గిన్నె కోసం నెల దాటాక వెళ్తే, గడువు అయిపోయిందని పారేశామన్నారు. గడువు ఉందని నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఎప్పుడు, ఎక్కడ తీసుకోవాలో కాగితం మీద రాయించుకోండి. మట్టిలో గాలి బుడగలుంటే బట్టీలో పేలుతుందని టేబుల్ దగ్గర అంటుంటారు గానీ, అసలు పేల్చేది లోపల మిగిలిన తేమ. అది ఆవిరై బయటికి దారి లేక పగలగొడుతుంది. అందుకే గోడలు పలచగా, ఒకే మందంలో ఉండాలి. తిండికి వాడే గిన్నె అయితే ఆ గ్లేజు ఆహారానికి పనికొస్తుందో లేదో కూడా అడగాలి.

'బ్లాక్ ప్రింటింగ్' అన్నది చూసి మన పెడన కలంకారీ అనుకుని వెళ్తే మాత్రం నిరాశే. రెండు గంటల్లో అది అయ్యే పని కాదు. ఇక్కడ డబ్బాలో ఉన్న ఫ్యాబ్రిక్ పెయింటు అద్ది, ఇంటికెళ్ళి ఇస్త్రీ చేసుకోమంటారు. మన పద్ధతిలో బట్టను కరక్కాయ, పాలల్లో నానబెట్టాలి. కరక్కాయలోని టానిన్, తుప్పు ఇనుము, బెల్లం పులియబెట్టిన నీళ్ళలోని ఇనుముతో కలిసి నలుపు అవుతుంది. పాలలోని కొవ్వు రంగు పాకకుండా ఆపుతుంది. ఎరుపు నిలవాలంటే పటిక కావాలి. శ్రీకాళహస్తిలో కలంతో గీసినా, పెడనలో అచ్చులతో వేసినా మూలం ఈ రసాయనమే. ఒకసారి టేబుల్ దగ్గర ఇదంతా చెబితే పక్కనున్న అమెరికన్ పెద్దావిడ నోట్సు రాసుకుంది.

అక్కడే చిక్కు మొదలవుతుంది. వచ్చే ఏడాది మీరే ముగ్గులో, కలంకారీయో నేర్పండి, పారితోషికం ఇస్తాం అని నిర్వాహకులు అడుగుతారు. నన్నూ అడిగారు. హెచ్-4 మీద ఉన్నవాళ్ళు వర్క్‌షాపులో కూర్చుని నేర్చుకోవచ్చు. ఈఏడీ లేకుండా నేర్పి డబ్బు తీసుకోకూడదు, గిఫ్ట్ కార్డు రూపంలో ఇచ్చినా సరే. 2015 నుంచి కొందరు హెచ్-1బీ ఉద్యోగుల భార్యాభర్తలకు ఈఏడీ దొరుకుతోంది, ప్రధానంగా ఐ-140 ఆమోదం అయినవాళ్ళకు. ఉచితంగా నేర్పుతానన్నా, అది మామూలుగా డబ్బిచ్చి చేయించుకునే పనైతే ఇబ్బందే. ఒప్పుకునే ముందు ఇమ్మిగ్రేషన్ లాయరును అడగండి. మొహమాటానికి 'సరే' అనేసే అలవాటు మనకుంది, ఇది మొహమాట పడాల్సిన చోటు కాదు. నేను ఈఏడీ వచ్చేదాకా ఆగమన్నాను. ఆగారు.

చివరిగా, పాత కాటన్ బట్టలు వేసుకోండి, ఉంగరాలు ఇంట్లో పెట్టండి. తడి కాగితం ముడత పడకుండా తెచ్చుకోవడానికి కారులో ఖాళీ పిజ్జా బాక్సు ఒకటి ఉంచుకోండి.