జింకకూ జాతకం కావాలిట!

జింక అనగానే మనకు సీతమ్మవారు మోజుపడిన బంగారు లేడి గుర్తుకొస్తుంది. లేదా అత్తవారింటికి బయల్దేరిన శకుంతల కొంగు పట్టి లాగిన లేడికూన గుర్తుకొస్తుంది. అంతేగాని, జింకల్ని గొర్రెల్లాగా దొడ్లో పెంచి, తలకింతని లెక్కకట్టి అమ్ముకోవచ్చన్న ఊహ మనకి రాదు. వచ్చినా మన దేశంలో లాభం లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఆ ఊహని మొలకలోనే తుంచేస్తుంది.

అమెరికాలో అలా కాదు. అక్కడ జింకల ఫారాలు వేల సంఖ్యలో ఉన్నాయి. కొందరు మాంసానికి పెంచుతారు, కొందరు కొమ్ములకి. డబ్బిచ్చి వేటాడే సరదారాయుళ్ళకి పెద్ద కొమ్ముల పోతుల్ని అమ్మడానికి పెంచేవాళ్ళు మరికొందరు.

మా అమ్మాయి వాళ్ళు విస్కాన్సిన్ రాష్ట్రంలో మేడిసన్‌లో ఉంటారు. కిందటిసారి వెళ్ళినప్పుడు ఒక ఆదివారం మా అల్లుడు అలాంటి ఫారం ఒకటి చూపించాడు. ఎనిమిది అడుగుల ఎత్తు కంచె, లోపల పాతిక ముప్ఫై తెల్లతోక జింకలు. యజమానురాలు ఇంచుమించు నా వయసుదే. మోకాళ్ళ నొప్పుల దగ్గర మా ఇద్దరికీ ఇట్టే స్నేహం కలిసింది. జింకల చెవులకి రెండేసి బిళ్ళలు వేలాడుతూంటే, "అందం కోసమా?" అని అమ్మాయి చేత అడిగించాను. ఆవిడ పకపకా నవ్వి, "ఒకటి ఊడిపోతే రెండోది ఉండాలిగా" అంది. ఆ బిళ్ళ మీది నంబరే ఆ జింకకి పేరూ, గోత్రమూ అన్నీ.

ఒక పోతుని పక్క రాష్ట్రంవాళ్ళు కొనుక్కున్నారుట. దాన్ని పంపడానికి కావలసిన కాగితాల ఫైలు వంటింటి బల్ల మీద ఉంది. ఆ లావు చూసి మా అమ్మాయి, "నా వీసాకి కూడా ఇన్ని కాగితాలు పెట్టలేదమ్మా" అంది. వసారాలో ఒక మూల మూతపెట్టిన ఐసు పెట్టె కూడా ఒకటి ఉంది. అదేమిటో తరువాత చెబుతాను.

ఒక్క జింకకి ఇంత గ్రంథమా అనిపించి, ఆ తరువాత మేడిసన్ లైబ్రరీలో కూచుని చదివాను. చదివితే తెలిసిందేమిటంటే, కథ జింకలతో మొదలవలేదు, ఆవులతో మొదలయింది.

1850ల నాటికి టెక్సాస్ నించి పొడుగు కొమ్ముల పశువుల్ని మందలు మందలుగా ఉత్తరానికి తోలుకువచ్చేవారు. ఆ పశువులు నిక్షేపంలా ఉండేవి. అవి నడిచిన దారిలో మేసిన మిస్సోరి పశువులు మాత్రం కొద్ది వారాలకే జ్వరం వచ్చి టపటపా రాలిపోయేవి. వచ్చిన చుట్టానికి ఏమీ కాదు, ఇంట్లోవాళ్ళు మంచం పడతారు! రైతులు తుపాకులు పట్టుకుని పొలిమేరలో నిలబడ్డారు. మిస్సోరి చట్టమే చేసింది. మార్చి నించి నవంబరు దాకా టెక్సాస్ పశువు తమ గడప తొక్కకూడదంది. 1870ల చివర్లో ఆ దేశపు సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. జబ్బుపడ్డ పశువుని ఆపే హక్కు రాష్ట్రానికి ఉంది గాని, జబ్బున్నవాటినీ లేనివాటినీ కలిపి అన్నిటికీ తలుపు మూస్తే అది వ్యాపారానికి అడ్డుపడటమే అవుతుంది అన్నది తీర్పు సారాంశం.

తీర్పు న్యాయంగానే ఉంది. కాని జబ్బున్నది ఏదో, లేనిది ఏదో చూసి చెప్పేదెవరు? ఆ ప్రశ్నకు జవాబుగానే పశువుల డాక్టరు సంతకం పెట్టిన సర్టిఫికెట్టుకి విలువ పెరిగింది. 1884లో కేంద్ర ప్రభుత్వం పశువుల జబ్బుల కోసం ప్రత్యేకంగా ఒక శాఖ పెట్టింది. దాని మొదటి అధికారి డేనియల్ సాల్మన్. పాడైపోయిన తిండి తిని వాంతులూ విరేచనాలూ పట్టుకున్నప్పుడు డాక్టర్లు సాల్మొనెల్లా అంటూంటారే, ఆ పేరు ఈయనదే. చేపకీ దానికీ సంబంధం లేదు! ఆ శాఖలోనే పనిచేసిన స్మిత్, కిల్‌బోర్న్ అనే ఇద్దరు టెక్సాస్ జ్వరాన్ని మోసుకొచ్చేది పశువు ఒంటి మీది పిడుదు అని 1893లో బయటపెట్టారు. 1917లో పశువుల క్షయ మీద యుద్ధం మొదలయింది. పాల ద్వారా పసిపిల్లలకి పాకే జబ్బు అది. ఆ రోజుల్లో ఎందరు తల్లులకి కడుపుకోత మిగిల్చిందో!

అడవి మృగాల సంగతి వేరే చట్టంలో పడింది. లేసీ అనే అయోవా ప్రతినిధి తెచ్చిన చట్టం, 1900 సంవత్సరంలో వచ్చింది. ఒక రాష్ట్రపు చట్టాన్ని తప్పించుకుని వేటజంతువుని, పక్షిని పొలిమేర దాటిస్తే అది కేంద్రం దృష్టిలో కూడా నేరమే. అప్పట్లో దొరసానుల టోపీల మీద ఈకల కోసం పక్షుల్ని కుప్పలుగా చంపేవారు. ఆ వ్యాపారానికి కళ్ళెం వేయడం కూడా దీని ఉద్దేశాల్లో ఒకటి. మన ఆడవాళ్ళ అలంకారం ఎంతెంత దూరం పోతుందో చూడండి. ఈ చట్టం కిందే, పర్మిట్టు లేకుండా జింకల్ని లారీలో ఎక్కించి రాష్ట్రం దాటించినవాళ్ళు మొన్నమొన్నటి కాలంలో కూడా జైలుకి వెళ్ళారు.

ఇంతకీ జింక అడవి మృగమా, పెంపుడు పశువా? ఇది ఇప్పటికీ తెగని తగాదాయే. విస్కాన్సిన్‌లో జింకల మంద వ్యవసాయ శాఖ కిందికి వస్తుంది, తెల్లతోక జింక చుట్టూ ఉన్న కంచె వన్యప్రాణుల శాఖ కిందికి వస్తుంది. ఉమ్మడి కుటుంబంలో వంటిల్లు అత్తగారిదీ, వసారా మామగారిదీ అయినట్టు. మధ్యలో నలిగేది కోడలే అని వేరే చెప్పాలా?

ఇక అసలు జబ్బు దగ్గరికి వద్దాం.

1967లో కొలరాడో రాష్ట్రం ఫోర్ట్ కాలిన్స్‌లో, పరిశోధన కోసం పెంచుతున్న మ్యూల్ డీర్ అనే పెద్ద చెవుల జింకలు ఉన్నట్టుండి చిక్కిపోవడం మొదలుపెట్టాయి. తిండి ఉన్నా తినవు, తిన్నా ఒంటికి పట్టదు. తల వాల్చుకుని, చొంగ కారుస్తూ, అయోమయంగా తిరిగి తిరిగి చచ్చిపోయేవి. కంచెలో ఉన్న దిగులేమో అన్నారు. మేతలో లోపమేమో అన్నారు. పదేళ్ళు అలాగే గడిచాయి.

అప్పుడు ఎలిజబెత్ విలియమ్స్ అనే అమ్మాయి, అక్కడి విశ్వవిద్యాలయంలో ఇంకా పై చదువు చదువుకుంటున్నది, చచ్చిపోయిన జింకల మెదడుని పలచని పొరలుగా కోయించి సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసింది. మెదడు నిండా చిల్లులు! స్పాంజిలాగా. గొర్రెలకి స్క్రేపీ అని ఒక పాత జబ్బుంది, దానిలోనూ ఇలాంటి చిల్లులే పడతాయి. ఇదీ ఆ కుటుంబానికి చెందిన జబ్బేనని 1978 నాటికి తేల్చింది. 1980లో సహచరుడు యంగ్‌తో కలిసి ప్రకటించింది. పదేళ్ళు అందరి కళ్ళ ముందూ ఉన్నదాన్ని ఒక విద్యార్థిని కనిపెట్టిందంటే నాకెందుకో చాలా గర్వంగా అనిపించింది. ఆమె తరువాత వయోమింగ్‌లో ప్రొఫెసరయింది, జీవితమంతా ఈ జబ్బు మీదే పనిచేసింది. 2004 డిసెంబరు చివర్లో మంచు కురుస్తున్న రోడ్డు మీద కారు ప్రమాదంలో ఆమె, అదే రంగంలో పనిచేసే ఆమె భర్త టామ్ థోర్న్, ఇద్దరూ పోయారు.

ఈ జబ్బుకి కారణం పురుగూ కాదు, క్రిమీ కాదు. ఒంట్లో సహజంగా ఉండే ఒక మాంసకృత్తే వంకర తిరుగుతుంది. అది తగిలిన పక్కదీ వంకర తిరుగుతుంది. గిన్నెడు పాలలో చెంచాడు తోడు పడితే పాలన్నీ పెరుగయిపోయినట్టు. దానికి 1982లో ప్రయాన్ అని పేరు పెట్టినాయన ప్రూసినర్, ఆయనకి 1997లో నోబెల్ బహుమతి వచ్చింది. మనం పాలు కాచినట్టు కాచినా అది చావదు. మట్టిలో పడితే ఏళ్ళ తరబడి అలాగే ఉంటుంది. అన్నిటికంటె ఘోరం, జబ్బు అంటిన ఏడాదిన్నర రెండేళ్ళదాకా జింక చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. ఈలోగా చొంగతో, పేడతో పక్కవాటికి పంచుతూనే ఉంటుంది.

డాక్టరు కంటితో చూసి సంతకం పెట్టే కాగితం ఇక్కడే చిత్తయింది. కెనడాలో సస్కచెవాన్‌లోని ఒక ఎల్క్ ఫారంలో 1996లో ఈ జబ్బు బయటపడింది. ఎల్క్ అంటే మన కణుజుని మించిన పెద్ద దుప్పి. కూపీ లాగితే, దక్షిణ డకోటా నించి 1980లలో కొన్న ఎల్కుల దగ్గరికి వెళ్ళి ఆగింది. ఆ రోజుల్లో సర్టిఫికెట్టు మీద ఈ జబ్బుకి గడే లేదు మరి. ఆ మందల్లో వేల జంతువుల్ని చంపేశారు. ఈలోగా కొన్ని ఓడెక్కో విమానమెక్కో దక్షిణ కొరియాకి పోనేపోయాయి. 1997లో కెనడా నించి వెళ్ళిన ఎల్కులో 2001లో అక్కడ జబ్బు కనిపించింది. లేత కొమ్ములు మందుకి వాడే దేశం అది. ఎల్కుల వ్యాపారమంతా దాన్ని నమ్ముకునే ఉండేది. కొరియా తలుపు మూసేసరికి ఫారాలవాళ్ళ నోట మట్టిపడింది.

2002 ఫిబ్రవరిలో విస్కాన్సిన్ వంతు వచ్చింది. మేడిసన్‌కి దగ్గరలోనే, కిందటి వేటకాలంలో కొట్టిన మూడు అడవి జింకల్లో జబ్బు ఉన్నట్టు తేలింది. మిసిసిపి నదికి తూర్పున అదే మొదటిసారి. ఫారం జింకలు తెచ్చాయని వేటగాళ్ళంటారు, అడవి జింకలే ఫారాలకి అంటించాయని ఫారాలవాళ్ళంటారు. నాకు మటుకు ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉందనిపించింది. ఎంత ఎత్తు కంచె కట్టినా, రెండు వైపుల నించీ జింకలు వచ్చి ముక్కు ముక్కు ఆనించుకుంటే ఎవరాపగలరు?

ఇవాళ అమెరికాలో ముప్ఫైకి పైగా రాష్ట్రాల్లో ఇది ఉంది. 2016లో నార్వేలో రెయిన్‌డీర్‌లో కూడా కనబడింది. మనిషికి సోకినట్టు రుజువైన కేసు ఒక్కటీ లేదు. అయినా బ్రిటన్‌లో పిచ్చి ఆవుల జబ్బు మనుషులకూ వచ్చిందని 1996లో తెలిసిన దగ్గర నించీ ఎవరికీ ధైర్యం లేదు. పరీక్షలో జబ్బు తేలిన జింక మాంసం తినవద్దనే డాక్టర్లు చెబుతున్నారు.

మరి బతికున్న జింకని చూసి చెప్పలేనప్పుడు పర్మిట్టు ఎలా ఇవ్వాలి? ఇక్కడే వాళ్ళు మన పెద్దవాళ్ళు పట్టిన దారే పట్టారు. పిల్లని చూసి ఏం తెలుస్తుంది, అటు ఏడు తరాలూ ఇటు ఏడు తరాలూ చూడండి అనేవారు కదూ! 2012 నించి అమలయిన కేంద్ర నిబంధనల ప్రకారం జింకని కాదు, జింక పుట్టిపెరిగిన మందని చూస్తారు. ఆ మందలో ఐదేళ్ళపాటు ఈ జబ్బు జాడ లేదని రుజువు కావాలి. ఏడాది నిండిన జింక ఏ కారణంతో చచ్చినా, పిడుగు పడి చచ్చినా సరే, దాని మెదడు ముక్కా, గొంతు దగ్గరి గ్రంథులూ పరీక్షకి పోవాలి. చచ్చినవాటి సాక్ష్యం మీద బతికున్నదానికి ప్రయాణం ఖాయమవుతుందన్నమాట.

అదయాక పాత జబ్బుల వంతు. చాలాచోట్ల క్షయకి మెడ మీద సూది వేసి మూడోనాడు వాపు చూడాలి, లేదా రక్తపరీక్ష. బ్రూసెల్లా అనే జబ్బుకి ఇంకో రక్తపరీక్ష. అప్పుడు డాక్టరు సర్టిఫికెట్టు రాస్తాడు. ఆరోగ్యంగా ఉందని రాస్తే చాలదు. జింక వెళ్ళబోయే రాష్ట్రపు పశువైద్యాధికారి ఆఫీసుని సంప్రదించి, వాళ్ళిచ్చిన పర్మిట్టు నంబరు దాని మీద వేయాలి. ఆ సర్టిఫికెట్టు సాధారణంగా ముప్ఫై రోజులకి చెల్లిపోతుంది.

నిజానికి ఈ నిబంధనలు 2006లోనే రావలసినవి. కేంద్రం నిబంధన పెడితే, అంతకంటె గట్టిగా అడ్డుకుంటున్న రాష్ట్రాల చట్టాలు చెల్లకుండా పోతాయేమోనన్న గొడవలో ఆగిపోయాయి. నూట పాతికేళ్ళ పైచిలుకు నాటి మిస్సోరి తగాదాయే మళ్ళీ తలెత్తిందన్నమాట! చివరికి, అంతకంటె కఠినంగా ఉండదలచిన రాష్ట్రాలు ఉండవచ్చన్నారు. అందుకే కొన్ని రాష్ట్రాలు ఇవాళ కూడా ఎంత జాతకం చూపించినా తలుపు తీయవు. వాళ్ళని తప్పుపట్టలేను. ఐదేళ్ళ సర్టిఫికెట్టు ఉన్న మందల్లో కూడా జబ్బు బయటపడ్డ సందర్భాలున్నాయి.

ఇక ఆ ఐసు పెట్టె. మేం వెళ్ళిన ముందురాత్రి ఆవిడ మందలో ఒక ముసలి ఆడజింక చచ్చిపోయింది. పదకొండేళ్ళదిట. తల్లి లేకపోతే తనే సీసాతో పాలు పట్టి పెంచిందిట. దాని తల ఆ పెట్టెలో ఉంది, డాక్టరు కోసం కాచుకుని. వయసు మీరి పోయిందని ఆవిడకి తెలుసు, మాకూ తెలుస్తూనే ఉంది. కాని పరీక్షలో ఉందని వస్తే మందంతా ఏళ్ళ తరబడి కట్టడిలో పడుతుంది, లేదా మొత్తం తుడిచిపెట్టేస్తారు. రిపోర్టు వచ్చేదాకా పోతుని కదిలించనని ఆవిడే కొన్నవాళ్ళకి ఫోన్ చేసి చెప్పేసింది. కాఫీ ఇస్తూ ఆ పెట్టె వైపు చూడకుండా ఉండటానికి ఆవిడ పడ్డ అవస్థ నాకిప్పటికీ గుర్తే.

నేను హైదరాబాదు వచ్చేశాక ఒకరోజు అమ్మాయి ఫోన్ చేసింది. "జబ్బు లేదని వచ్చిందిటమ్మా, ఆవిడ నీకు ప్రత్యేకంగా చెప్పమంది" అంది. హమ్మయ్య అనుకున్నాను. "అయితే పోతు వెళ్ళిపోయిందా?" అని అడిగాను.

ఇంకా లేదుట. ఈలోగా సర్టిఫికెట్టుకి ముప్ఫై రోజులూ దాటిపోయాయి. డాక్టరు మళ్ళీ వచ్చి, రెండు చెవుల నంబర్లూ మళ్ళీ రాసుకుని, పక్క రాష్ట్రానికి మళ్ళీ ఫోన్ చేస్తున్నాడుట.