కెప్టెన్‌ను ఎవరు నియమించాలి?

1787 ఆగస్టు 23న ఫిలడెల్ఫియాలో, అమెరికా రాజ్యాంగం రాస్తున్న ప్రతినిధుల ముందు జేమ్స్ మాడిసన్ ఒక సవరణ పెట్టాడు. మిలీషియాలో, అంటే అవసరమొస్తే తుపాకీ పట్టే మామూలు పౌరుల దళంలో, కింది అధికారులను రాష్ట్రాలు నియమించుకోవచ్చు, జనరల్ హోదా వాళ్లను మాత్రం కేంద్రానికి వదిలేయాలి. కనెక్టికట్ ప్రతినిధి రోజర్ షెర్మన్ బొత్తిగా ఒప్పుకోనన్నాడు. 3 రాష్ట్రాలు సరేనన్నాయి, 8 కాదన్నాయి. మిలీషియాకు క్రమశిక్షణ నియమాలు కాంగ్రెస్ పెట్టాలి, అధికారులను మాత్రం రాష్ట్రాలే నియమించాలి అని తేలింది.

ఇంత పట్టుదలకు కారణం అప్పటికింకా పాతబడలేదు. 1774లో మసాచుసెట్స్ మిలీషియా అధికారులు రాజు తరఫున గవర్నర్ ఇచ్చిన పత్రాలతో పదవుల్లో ఉండేవారు. ఆ సెప్టెంబరులో వూస్టర్ కౌంటీ జనం వాళ్లను రాజీనామా చేయమన్నారు. ఊళ్లు తమ అధికారులను తామే ఎన్నుకున్నాయి. మరుసటి ఏడాది లెక్సింగ్టన్‌లో బ్రిటిష్ సైన్యానికి ఎదురు నిలిచిన జాన్ పార్కర్ కూడా ఇరుగుపొరుగు ఎన్నుకున్న కెప్టెనే.

1780లో ఆ రాష్ట్రం దీన్ని రాజ్యాంగంలోకే ఎక్కించింది. మిలీషియా కంపెనీలోని మనుషులు కాగితం మీద ఓటు రాసి కెప్టెన్‌ను ఎన్నుకోవాలి. కెప్టెన్లూ వాళ్ల కింది అధికారులూ కలిసి రెజిమెంటు అధికారులను, వాళ్లు బ్రిగేడియర్‌ను ఎన్నుకోవాలి. మేజర్ జనరల్‌ను మాత్రం శాసనసభ నియమించాలి. వర్జీనియాలో ఇంత స్వేచ్ఛ లేదు. అక్కడ కౌంటీ కోర్టుల సిఫారసు మీద గవర్నర్ నియమించేవాడు. కోర్టుల్లో కూర్చునేది భూస్వాములే.

ఎన్నికకు లోపమూ ఉంది. ఓటేసిన పొరుగువాణ్ని దండించడానికి ఏ కెప్టెన్‌కైనా చేతులు రావు. అయినా షెర్మన్ వైపే న్యాయం ఉందని నా నమ్మకం. ఆజ్ఞాపించేవాడు ఎవరికి జవాబుదారీ అన్నదే అసలు ప్రశ్న. ఆ న్యాయం అందరికీ దక్కలేదన్నదీ అంతే నిజం. 1792 కేంద్ర చట్టం మిలీషియాలోకి పిలిచింది 18 నుంచి 45 ఏళ్ల లోపు స్వేచ్ఛగల తెల్ల పురుషులను మాత్రమే.

1802లో టెనెసీ మేజర్ జనరల్ పదవికి ఆండ్రూ జాక్సన్, మాజీ గవర్నర్ జాన్ సెవియర్ పోటీపడ్డారు. అధికారుల ఓట్లు సమానంగా చీలాయి. గవర్నర్ ఆర్చిబాల్డ్ రోన్ ఓటుతో జాక్సన్ గెలిచాడు. ఆ హోదాతోనే 1813లో క్రీక్ తెగవారితో యుద్ధానికి దళాలను నడిపాడు.

బ్రిటన్‌తో జరిగిన 1812 యుద్ధంలో మసాచుసెట్స్, కనెక్టికట్ గవర్నర్లు మిలీషియాను పంపబోమన్నారు. తమ రాష్ట్రం నియమించిన అధికారుల మీద కేంద్ర సైన్యాధికారుల పెత్తనమేమిటన్నది వాళ్ల అభ్యంతరాల్లో ఒకటి. వాళ్లు లేవనెత్తిన మరో ప్రశ్న, మిలీషియాను పిలవాల్సిన అవసరం వచ్చిందా లేదా అన్నది, అధ్యక్షుడే తేల్చాలని సుప్రీంకోర్టు 1827లో చెప్పింది.

1832 ఏప్రిల్‌లో ఇల్లినాయ్‌లోని న్యూ సేలం కుర్రాళ్లు తమ మిలీషియా కంపెనీ కెప్టెన్‌గా 23 ఏళ్ల అబ్రహాం లింకన్‌ను ఎన్నుకున్నారు. ఆ తర్వాత ఏ గెలుపూ తనకంత సంతోషమివ్వలేదని ఆయన 1859లో రాసుకున్నాడు. నెల దాటాక గడువు తీరి కంపెనీ రద్దయింది. లింకన్ మళ్లీ చేరాడు, ఈసారి మామూలు సిపాయిగా.