కవిలెకట్ట, టెండరుపెట్టె, కంప్యూటరు

అనంతపురము చెఱువు ఏ రాజుల కాలమునాటిదని అడిగినచో మన సీమలో బుక్కరాయల పేరు చెప్పనివారుండరు. ఆ చెఱువున కెంత ధనము పట్టినది, కూలి యెవరికి ముట్టినది అని అడిగినచో చెప్పగలవా రరుదు. నేను నేడు ముచ్చటింపదలచినది ఈ రెండవ ప్రశ్ననుగూర్చియే. సర్కారు పని చేయించినను, వస్తువు కొన్నను, ప్రజలకొక పత్ర మిచ్చినను దానికొక లెక్క యుండును. ఆ లెక్క యే కాలమున నెక్కడ నుండెను? దానిని చూడగలిగినవా రెవరు?

కడప జిల్లాలో పోరుమామిళ్ల చెఱువు కలదు. బుక్కరాయల కుమారుడగు భాస్కరుడు దానిని కట్టించి 1369లో శాసనము వేయించెను. దినమునకు వేయిమంది కూలీలును, ఱాళ్లు తోలుటకు నూఱు బండ్లును, రెండేండ్ల కాలమును పట్టినవని ఆ శిలపై చెక్కబడియున్నది. అది సంస్కృతము, ఊరివారందఱు చదువుకొనిరని నేననను. అయినను ఱాతిమీది యంకెను రాత్రికి రాత్రి దిద్దుట యెవరి తరమును కాదు గదా!

తరువాతి కాలమున లెక్క ఱాతినుండి కవిలెకట్టకు దిగినది. పొలిమేరలు, మాన్యములు, నీటివంతులు అన్నియు కరణముగారి యింటనే యుండెడివి. 1800లో నైజాము దత్తమండలములను కుంపిణీవారికి విడిచిపెట్టగా, తామస్ మన్రో ప్రధాన కలెక్టరుగా వచ్చి 1807 వఱకుండెను. చేనుచేనును కొలిపించి, నడుమ జమీందారు లేకుండ రైతు పేరనే శిస్తు నిర్ణయించెను. మన్రోగారిని మనవారు దేవునివలె కొలిచిరి. ఆ గౌరవ మాయనకు తగినదే. కాని గ్రామమున కలము పట్టినవాడు మాత్రము మునుపటి కరణమే. కరణములలో ధర్మపరులు లేరనుట అన్యాయము. ఆ ధర్మము వారి మనస్సుపై నాధారపడెనే గాని, దానిని పరీక్షించు మార్గము రైతునకు లేకుండెను. 1984లో నందమూరి తారకరామారావుగారి ప్రభుత్వము ఆ గ్రామోద్యోగములను రద్దుచేసినది. కట్టలు కార్యాలయములకు చేరినవి. చూడగోరు రైతు మాత్రము వాటి వెంట తిరుగవలసినవాడే యయ్యెను.

ఇక కొనుగోళ్ల మాట. బాట, కాలువ, ఆసుపత్రికి మందు, బస్సునకు చక్రము, ఇవన్నియు టెండరు పద్ధతిని సర్కారునకు చేరును. పనిని ప్రకటింతురు. మునుపు కోరినవారు కార్యాలయమునకు పోయి షెడ్యూలు కాగితములు కొని, ధర వ్రాసి, ముద్రవేసిన కవరును పెట్టెలో వేసెడివారు. నిర్ణయించిన గడియకు పెట్టె తెఱచి, తగినవారిలో తక్కువ ధర కొప్పుకొన్నవానికి పని యిచ్చెడివారు. వినుటకు ఇది నిర్దుష్టముగనే యున్నది. చిక్కెక్కడ వచ్చెననగా, కాగితములు కొన్నవా రెవరో ఆ కార్యాలయముననే బయటపడెడిది. వెంటనే గుత్తదారులు ఒకచోట చేరి, ఈ పని నీకు, వచ్చే పని నాకు అని పంచుకొనెడివారు. ఒప్పుకొనని కొత్తవానిని పెట్టె చెంతకే రానీయక అడ్డగించిన సందర్భములును కలవు. రాయలసీమ పెద్దలకు దీనిని విప్పి చెప్పనక్కఱలేదు. పోటీ లేని ధర సర్కారు నెత్తిన పడును. కట్టపై పడవలసిన మన్ను కాగితముపైననే మిగులును. చెఱువు తెగినపుడు నష్టపడునది క్రింది ఆయకట్టువాడు.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2003 జనవరి 29న ఇంటర్నెట్టు ద్వారా టెండర్లు స్వీకరించు పద్ధతి నారంభించెను. ప్రకటన అందఱకు నొకేసారి కనబడును. కాగితములు తీసికొన్నవా రెవరో యితరులకు తెలియదు. ధర గూఢముగా తాళము వేయబడి, గడియ వచ్చినగాని తెఱవబడదు. తెఱచినపిదప ఎవరెంత వేసిరో పాల్గొన్నవారెల్లరు చూడవచ్చును. నెలల తరబడి సాగు వ్యవహారము సుమారు 35 దినములకు తగ్గినదని నాటి నివేదికలు చెప్పినవి. పెట్టెకు కాపలా కాయువారికి పని లేకపోయినది. నా దృష్టిలో ఇదియే పెద్ద లాభము. అయినను ఒక్కనికే సరిపోవునట్లు షరతులు వ్రాసినచో యంత్ర మేమి చేయగలదు? నూఱు కోట్లు, అంతకు మించిన పనుల షరతులను ముందుగా న్యాయమూర్తి పరిశీలింపవలెనని 2019లో చట్టము చేయవలసివచ్చెననగా, ఆ లోపమును సర్కారే గుర్తించినదన్నమాట.

పత్రముల విషయమునను ఇట్లే నడచినది. 1998 నవంబరు 4న రిజిస్ట్రారు కార్యాలయములకు కంప్యూటర్లు వచ్చినవి. 2001లో ఈసేవ, 2011లో మీసేవ, 2025 జనవరి 30న వాట్సాప్ ద్వారా 161 సేవలు వచ్చినవి. అడంగలు నకలు కొఱకు దినములు తిరిగినవారికి దీని విలువ నేను చెప్పనేల?

కాని రాప్తాటి వంటి యూళ్లలో తెఱపై నున్నదంతయు అందఱకు కనబడినట్లు కాదు. 2006 ఫిబ్రవరి 2న ప్రధానమంత్రి మన్మోహన్ సింగుగారు మన జిల్లాలోని బండ్లపల్లెలోనే గ్రామీణ ఉపాధి పథకమును ప్రారంభించిరి. కూలీల పేర్లు, దినములు, సొమ్ము కంప్యూటరు కెక్కినవి. ఆ యేడే మన జిల్లాలో సామాజిక తనిఖీ జరిగినది. తనిఖీలో ఆ పట్టికను ఊరి నడుమ బిగ్గరగా చదువుదురు. చదువురాని కూలివాడును తన పేరు విని, నేనన్ని దినములు చేయలేదనియో, నాకంత ముట్టలేదనియో లేచి చెప్పగలడు. చచ్చినవాని పేర, ఊరు విడిచినవాని పేర వ్రాసిన కూలి బయటపడునది ఇట్టి సభలలోనే. కంప్యూటరు లేనిదే ఆ పట్టిక రాదు; చదువువాడు లేనిదే దానికి నోరు రాదు.

సాలుకు ఇంచుమించు 550 మిల్లీమీటర్ల వాన పడు సీమ మనది. వేరుసెనగ ఎండినయేడు నష్టపరిహారము, బీమా, రెండును ఈ-పంట నమోదుపై నాధారపడును. సొంత చేను గలవాని పేరు అడంగలులో నున్నది. కౌలుదారున కది లేదు. అతనికొఱకు 2019లో పంట సాగుదారు హక్కుల చట్టము వచ్చి పత్రము లిచ్చిరి. ఆ పత్రమునకు భూయజమాని సంతకము కావలసివచ్చెను. ఒకసారి వ్రాసియిచ్చినచో చేను చేజాఱునేమోయని యజమానులు వెనుకాడిరి. కౌలు నోటిమాటతోనే సాగినది. తెఱపై ఆ చేనికి యజమాని పేరే నిలిచినది. దున్నినవాడు సచివాలయపు బల్లముందు తన పేరు లేదని విని తిరిగివచ్చినాడు.