ఖాళీ తూటాకూ లెక్కుంది

1922 ఫిబ్రవరి. పల్నాడులో మాచర్ల సీమలోని మించాలపాడు. అడవిలో పశువులు మేపుకున్నందుకు సర్కారు వసూలు చేసే పుల్లరి కట్టేది లేదని రైతుల్ని కూడగట్టిన కన్నెగంటి హనుమంతు పోలీసు తూటాలకు బలయ్యాడు. అప్పుడు గుంటూరు కలెక్టరు రూథర్‌ఫర్డ్. రెండేళ్ల తర్వాత మన్యంలో అల్లూరి సీతారామరాజును అణచడానికి ప్రత్యేక కమిషనరుగా వెళ్లిందీ ఆయనే.

పల్నాడు రైతు చేతిలో తుపాకి లేదు. మన్యం వీరుల చేతికి తుపాకులు వచ్చాయి. తూటాలే చాల్లేదు.

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు పోలీసు ఠాణాలు. చేజిక్కినవి 26 తుపాకులు, సుమారు 2,500 తూటాలు. తుపాకికి వంద తూటాలైనా రాలేదన్నమాట. దెబ్బ తిన్న సర్కారు ఏజెన్సీ ఠాణాల్లోని ఆయుధాలను తరలించేసింది. అందుకే అక్టోబరులో అడ్డతీగల, రంపచోడవరం ఠాణాల మీద పడినప్పుడు రామరాజు దళానికి తుపాకులు దొరకలేదు. పేల్చిన తూటా స్థానంలోకి కొత్తది వచ్చే దారి మూసుకుపోయింది.

పేలిన తూటాలో సీసం పోతుంది, మందు పోతుంది, ఇత్తడి డొల్ల మాత్రం మిగులుతుంది. దాన్నే మళ్లీ నింపుకోకూడదా?

ఆ డొల్ల వెనక పెద్ద కథే ఉంది. 1857 నాటి ఎన్‌ఫీల్డ్ తూటాకు ఉన్నది కొవ్వు పూసిన కాగితం చుట్ట. 1866లో బ్రిటిష్ అధికారి ఎడ్వర్డ్ బాక్సర్ రూపకల్పనతో పలుచని ఇత్తడి రేకు చుట్టిన తూటా వచ్చింది. 1885లో సూడాన్ యుద్ధంలో ఆ రేకు డొల్లలు వేడెక్కిన మార్టినీ-హెన్రీ తుపాకుల్లో ఇరుక్కుని సైనికుల ప్రాణాల మీదికి తెచ్చాయి. దాంతో ఒకే ముక్కగా సాగదీసి చేసిన గట్టి డొల్లల వైపు సైన్యం మళ్లింది. వాటికి వాడే ఇత్తడిలో రాగి 70 పాళ్లు, జింకు 30 పాళ్లు. పేలినప్పుడు డొల్ల ఉబ్బి గొట్టం గోడలకు అతుక్కుని, మంట వెనక్కి రాకుండా ఆపుతుంది. మరుక్షణం కాస్త ముడుచుకుని బయటికి వస్తుంది.

అలా ఉబ్బిన డొల్లను మళ్లీ వాడాలంటే మసి కడగాలి, అడుగున మందును రగిలించి పేలిపోయిన ప్రైమర్ తీయాలి, అచ్చులో నొక్కి పాత కొలతకు తేవాలి, సాగిన మూతిని కత్తిరించాలి. పదే పదే నొక్కితే ఇత్తడి బిరుసెక్కి మెడ దగ్గర పగులుతుంది. బిందె సొట్ట తీసే ముందు కంచరి దాన్ని కాల్చి మెత్తబరిచినట్టే, డొల్ల మెడకూ సెగ చూపించాల్సిందే.

వాయవ్య సరిహద్దులో పఠాన్లు ఈ పనిలో ఆరితేరారు. కోహాట్ దగ్గరి దర్రా ఆదంఖేల్ కమ్మరులు తుపాకులు చేయడంతో పాటు తూటాలూ నింపేవారు. అక్కడ ఖాళీ డొల్లకు ధర పలికేది. దాంతో సైనికులు పేల్చిన డొల్లలను ఏరుకోవడం బ్రిటిష్ సైన్యానికి తప్పనిసరి పనైంది.

అయితే బ్రిటిష్ సైనిక తుపాకుల్లో వాడిన .303 తూటా డొల్ల సులభంగా లొంగదు. దాని బెర్డాన్ ప్రైమర్‌ను లోపలి నుంచి సూదితో పొడిచి తీయడం కుదరదు. పుల్లల్లా పొడవుగా ఉండే కార్డైట్ మందునైతే ఫ్యాక్టరీలో డొల్ల మెడ నొక్కకముందే కూర్చేవారు. ఖడ్కీ, డమ్‌డమ్ ఫ్యాక్టరీల్లో యంత్రాలు చేసే పని అది. 1878 ఆయుధాల చట్టం నీడలో, ప్రైమర్లూ మందూ దొరకని మన్యం కొండల్లో దానికి వీలెక్కడ?

మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత పాలకులు మరో జాగ్రత్త పడ్డారు. బెంగాల్‌లోని ఇషాపూర్ ఫ్యాక్టరీలో సైనిక తుపాకులను పోలీసుల కోసం .410 మస్కెట్లుగా మార్చారు. మెడ లేకుండా తిన్నగా ఉంచిన .303 డొల్లే దాని తూటా. మామూలు సైనిక తూటా అందులో పనికిరాదు, గురి దూరమూ తక్కువ. అలాంటి తుపాకి తిరుగుబాటుదారుల చేతిలో పడినా పాలకులకు పెద్ద బెడద ఉండదు.

స్వాతంత్ర్యం వచ్చాక చేసిన 1959 ఆయుధాల చట్టం పరిధిలోకీ తూటాలతో పాటు వాటి విడిభాగాలు వస్తాయి. అమెరికాలో ఇళ్లలో కాలక్షేపంగా సాగే తూటాల తయారీకి ఇక్కడ లైసెన్సు తప్పనిసరి. పోలీసులు ఫైరింగ్ సాధనలో పేల్చిన ఖాళీ డొల్లలనూ ఏరి, లెక్క చూసి ఆయుధాగారానికి అప్పగిస్తారు.

మన్యం పోరాటం గురించి చెప్పేటప్పుడు మనం 26 తుపాకుల దగ్గరే ఆగిపోతాం. ఆ 2,500 తూటాల లెక్క కూడా పక్కన పెట్టి చూడాలి. విల్లంబులతో, నాటు తుపాకులతో, ఎప్పటికైనా అయిపోయే తూటాలతో ఆ దళం 1924 మే దాకా సామ్రాజ్య సేనలను ఎదుర్కొంది.