వెండి తారలు

మంట దగ్గరికి జరగండి నాయనా, ఆ కందికట్టె లోపలికి తోయండి. పాత వెండి నాణేలు ఎందుకు కంటికి కానరావని అడిగితిరి గదా, చెప్తా ఇనండి.

మా నాయన ఈ సోమేనహళ్ళిలోనే కంసాలి పని చేస్తా ఉండె. ఇంట్లో పెండ్లి కుదిరితే చాలు, ఆడోళ్ళు కొంగు ముడి విప్పి విక్టోరియా రాణి రూపాయలు, ఐదో జార్జి రూపాయలు ముందర పోసి "పాపకి కాళ్ళ కడియాలు చెయ్యన్నా" అనేటోళ్ళు. అప్పటి రూపాయంటే సరిగ్గా తులం బరువు, పన్నెండు పాళ్ళలో పదకొండు పాళ్ళు వెండి. నాయన ఒక్కొక్కటే రాతి మీద ఏసి మోత ఇనేటోడు. మంచిదైతే గంట మోగినట్ల మోగేది. ఆమీద మూసలో ఏసి, రవ్వంత వెలిగారం చల్లి, తిత్తి ఊదితే ముందు అంచులు మెత్తబడేవి, రాణి ముక్కు జారిపోయేది, కడాకి అంతా ఒకే తెల్లటి గుండై తళుక్కుమనేది. ఊరూరా అట్ల ఎన్ని కరిగినాయో!

అంతకన్నా ముందు, రాయల కాలంలో 'తార' అని చిన్న వెండి నాణెం ఉండె. 1443లో హీరాత్ నుండి అబ్దుర్ రజాక్ అనే రాయబారి విజయనగరానికి వచ్చి ఈడి డబ్బు లెక్క రాసిపెట్టినాడు. బంగారు వరహాలో సగం ప్రతాప, ప్రతాపలో పదో వంతు పణం, పణంలో ఆరో వంతు తార. అంటే వరహాకి 120 తారలు. మన దక్షిణాదిలో పెద్ద లెక్కలు బంగారంలో, చిల్లర రాగిలో నడిచిపోతా ఉండె. నడుమ వెండికి పనే తక్కువ. కొట్టిందే కొంచెం, అందులోనూ గోటి కిందికి జారిపోయేంత నాణెం. యాడ మిగులుతుంది చెప్పండి?

ఇంక నాణెం మీద బొమ్మల సంగతి ఇనండి. 1565లో తళ్ళికోట యుద్ధం అయినాక తిరుమలరాయలు మన పక్క పెనుగొండకే వచ్చి రాజ్యం చేసె. ఆయన బంగారు వరహా మీద సీతారామలక్ష్మణులు. ఆ తర్వాతి వెంకటపతిరాయల వరహా మీద వెంకటేశ్వరస్వామి, వెనకపక్క నాగరి లిపిలో ఆ స్వామికి నమస్కారం. విజయనగరం రాజులు శాసనాల కడాన కూడా తమ పేరు కాకుండా 'శ్రీ విరూపాక్ష' అనే దస్కతు పెట్టిరి. రాజు దేవుడి పేరు మీద ఏలుతున్నాడని జనానికి ప్రతి బేరంలోనూ కనపడాల.

జర్మనీ సీమలో ఇంకో తీరు. ఆడ కొన్ని పట్టణాల్లో క్రైస్తవుల బిషప్పే రాజు. పన్నులూ ఆయనవే, టంకసాలా ఆయనదే. సన్నటి వెండి రేకు మీద ఒకపక్కే ముద్ర, అందులో చేత దండం పట్టుకుని బిషప్పే కూర్చోనుంటాడు. 12వ శతాబ్దంలో మాగ్డెబర్గ్‌ని ఏలిన విష్మన్ అనే ఆర్చిబిషప్పు ఏడాదికి రెండుమార్లు పాత నాణేలు చెల్లవనె. 12 పాతవి ఇస్తే 9 కొత్తవి. మిగిలిన మూడూ ఆయన బొక్కసానికే! పేదోళ్ళ కడుపు కొట్టినట్లు కాదా అది? నాకైతే ఈ పొద్దుకీ మనసు ఒప్పదు. పాతవి చానా మటుకు మళ్ళా కొలిమికే పోయె. అందుకే అవీ ఇప్పుడు అరుదే. 1803లో ఆ బిషప్పుల రాజ్యాలు దాదాపు అన్నీ పోయినాయి.

రేపు మీ మడకకి యాదన్నా పాత నాణెం తగిలిందే అనుకోండి, చింతపండేసి తోమొద్దు. తోమితే అక్షరాల అంచు పోతుంది, అంచు పోతే యే రాజుదో చెప్పేటోడు ఉండడు. యా చేన్లో, ఎంత లోతులో దొరికిందో గుర్తుపెట్టుకుని, మట్టితోనే గుడ్డలో చుట్టి తాలూకా కచేరీలో చూపండి.